నిదానంగా చదవడమూ ధమ్మాచరణమే

 

చరిత్ర, సాహిత్యం, భాష, తత్త్వం వంటి మానవీయ శాస్త్రాలలో నిదానంగా సాగే పరిశోధనకు ఈ డిజిటల్ కాలంలో ఇంకా విలువ ఉన్నదా అన్నది నేటి మన విషయం. వేలి కొనతో తాకితే వేల పుటలు కళ్ళ ముందు నిలిచే రోజులివి. ప్రశ్న అడిగిన మరుక్షణమే చక్కని వాక్యాలలో జవాబు కూర్చి ఇచ్చే యంత్రాలు మన చేతుల్లోకి వచ్చాయి. ఒక శాసనం ముందు ఆరు నెలలు, ఒక సుత్తం ముందు ఏడాది కూర్చునే మనిషిని చూసి లోకం జాలిపడుతున్నది. అటువంటి మనిషి అవసరం ఎవరికి ఉన్నా లేకున్నా, బౌద్ధులమైన మనకు తప్పక ఉన్నదని మేము భావిస్తున్నాము. మన చరిత్ర మనకు తండ్రి నుండి కొడుకుకు సంక్రమించిన ఆస్తివలె అందలేదు. మట్టి దిబ్బల కింది నుండి, చదవడం మరచిన లిపుల నుండి, పరదేశ విహారాలలో భద్రపరచిన తాళపత్రాల నుండి దానిని ఒక్కొక్క అక్షరంగా తిరిగి కూడగట్టవలసి వచ్చింది. అక్షరం తప్పితే చరిత్ర తప్పుతుంది. చరిత్ర తప్పితే మన మాటకు విలువ పోతుంది.

మన నేల మీది ఒక చిన్న శాసనంతో ఈ సంగతి చూద్దాం. అమరావతి మహాచైత్యానికి దానమిచ్చిన వారి పేర్లు అక్కడి శిలాఫలకాలపై ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉన్నాయి. వర్తకులు, గృహస్థులు, భిక్షువులు, భిక్షుణులు అందులో కనిపిస్తారు. వారి నడుమ విధికుడు అనే ఒక చర్మకారుడు ఉన్నాడు. ఇతడు నాగుడు అనే ఉపాధ్యాయుని కుమారుడు. తల్లితో, భార్యతో, సోదరులతో, నాగుడనే కొడుకుతో, కుమార్తెలతో, జ్ఞాతులతో, మిత్ర బంధువులతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక పలకను దానం చేసినట్లు ఆ శాసనం చెబుతున్నది. అంతకు మించి అందులో ఏమీ లేదు.

తొందరపడే పాఠకుడు దీనిని ఒక్క వాక్యంలో చదివి ముందుకు పోతాడు. నిదానంగా చదివేవాడు ఒక్కొక్క మాట దగ్గర ఆగుతాడు. విధికుడు తన వృత్తిని దాచుకోలేదు. దానిని తన పేరు పక్కనే చెక్కించుకున్నాడు. తోలుపని చేసే మనిషి తండ్రి ఉపాధ్యాయుడు. తాత పేరు మనవడికి పెట్టారు. ఈనాటికీ మన ఇళ్ళలో జరుగుతున్నదే అది. దానంలో తల్లికి, భార్యకు, కుమార్తెలకు భాగం ఉన్నది, శిలపై చోటు ఉన్నది. ఇక పూర్ణఘటం అమరావతి శిల్పులకు అత్యంత ప్రియమైన మంగళ చిహ్నం. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన రాజముద్రలో ఉన్నది అమరావతి శిల్పం నుండి తీసుకున్న పూర్ణఘటమే. ఇన్ని సంగతులు ఆ రెండు మూడు పంక్తుల నుండే వచ్చాయి. కొత్తగా మనం కలిపినది ఏదీ లేదు.

ఇప్పుడు అసలు పరీక్ష వస్తుంది. ఈ శాసనం ఫోటో ఒకటి చేతిలో పడగానే, ఫలానా కులం వారంతా ఒకప్పుడు బౌద్ధులేననీ, వారే ఆనాటి గురువులనీ రాసి పది మందికి పంపాలనిపిస్తుంది. ఆ ఆరాటం ఎక్కడి నుండి వస్తుందో మేము ఎరుగుదుము. తరతరాలుగా చరిత్ర పుస్తకాలలో తమ పేరు కనబడని వారికి ఒక్క పేరు దొరికితే కలిగే ఆనందం సామాన్యమైనది కాదు. అయినా శాసనం ఏమి చెప్పలేదో కూడా చూడాలి. ఆనాడు చర్మకారుడు అన్న మాట చేసే పనిని సూచించిందా, పుట్టుకను సూచించిందా? అందులో లేదు. నాగుడు విహారంలో బోధించిన ఉపాధ్యాయుడా, బయట బోధించినవాడా? అదీ లేదు. నేటి ఏ కులానికైనా ఆ కుటుంబం నుండి నేరుగా వంశక్రమం గీయడానికి ఆధారం లేదు.

ఇవన్నీ పక్కన పెడితే మిగిలేది ఏమిటి? ఒక మహాచైత్యం దగ్గర, వర్తకుల పేర్లు చెక్కిన చోటనే, ఒక తోలు పనివాని పేరు అతని సమస్త కుటుంబంతో సహా గౌరవంగా చెక్కబడింది. అతని దానం అంటరానిది కాలేదు. అతని స్పర్శ ఆ శిలను మైల చేయలేదు. తరువాతి శతాబ్దాలలో అదే పని చేసేవారిని గుడి గడప తొక్కనివ్వని సమాజం వచ్చింది. ఈ రెండు సంగతులను పక్కపక్కన పెడితే చాలు, అతిశయోక్తి అవసరం లేదు. చిన్నదే అయినా ఈ మాటను ఏ న్యాయస్థానంలోనైనా, ఏ విద్వత్సభలోనైనా నిలబడి చెప్పవచ్చు. పెద్ద మాట చెప్పి ఎదుటివాడు ఒక్క ప్రశ్న అడగగానే తడబడితే, దానితో పాటు విధికుని నిజమైన శాసనమూ అనుమానానికి గురి అవుతుంది. మన తొందర వలన నష్టపోయేది విధికుడే.

అసలు ఈ శాసనాలను చదవగలగడమే ఎంతో ఓపికకు దక్కిన ఫలం. అశోకుని అక్షరాలు ఈ దేశంలో అందరి కళ్ళ ముందే ఉండి కూడా శతాబ్దాల పాటు ఎవరికీ అర్థం కాలేదు. కలకత్తా టంకశాలలో పనిచేస్తూ ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శిగా ఉన్న జేమ్స్ ప్రిన్సెప్ సాంచి స్తూప ప్రాకారం మీది చిన్న చిన్న శాసనాల నకళ్ళను వరుసగా పేర్చి చూశాడు. చాలా వాటి చివర అవే రెండు అక్షరాలు వస్తున్నాయి. స్తూపం దగ్గర పదే పదే చెక్కించేది దానమే కదా అని ఊహించి, ఆ మాట ‘దానం’ అని గుర్తించాడు. 1837లో లిపి తలుపు అలా తెరచుకున్నది. గమనించండి, ఆ తలుపు తీసినది చక్రవర్తి శాసనం కాదు. పేరు ప్రఖ్యాతులు లేని సాధారణ దాతల శాసనాలు.

లిపి తెలిసిన తరువాత కూడా దేవానాంపియ పియదసి ఎవరో తెలియలేదు. సింహళ రాజు దేవానాంపియ తిస్సుడేమోనని ప్రిన్సెప్ మొదట తలచాడు. శ్రీలంకలో పాళీ గ్రంథాలు చదువుతున్న జార్జ్ టర్నర్ దీపవంశం ఆధారంగా పియదసి అంటే అశోకుడేనని చూపాడు. శిలపైనే అశోకుని పేరు కనిపించడానికి మరో 78 ఏళ్ళు పట్టింది. 1915లో నాటి హైదరాబాదు సంస్థానంలోని మస్కి దగ్గర దొరికిన శాసనంలో ఆ పేరు ఉన్నది. శిల ఒక దేశంలో, గ్రంథం మరొక దేశంలో ఉండగా, రెండింటినీ కలిపినది నిదానంగా చదివిన కొందరు మనుషులు. మన కర్నూలు ప్రాంతపు ఎర్రగుడి లఘు శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు నడుస్తాయి. అలవాటైన దిశలోనే చదువుతానని పట్టుబట్టిన వానికి అక్కడ అర్థం దొరకదు. రాసినవాని చేయి ఎటు కదిలిందో అటు మన చూపు కదలాలి.

యంత్రం వెదకి పెడుతుంది కదా అంటారు. వెదకుతుంది, అది గొప్ప సహాయమే. అయితే దేనిని వెదకాలో మనకు తెలియాలి. ధమ్మం అన్న ఒక్క మాటనే తీసుకోండి. గిర్నార్ శాసనంలో అది ‘ధంమ’. వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఖరోష్ఠీ లిపిలో ‘ధ్రమ’. కాందహార్‌లో 1958లో బయటపడిన అశోకుని శాసనపు గ్రీకు పాఠంలో అదే భావానికి ‘యూసెబియా’ అన్న గ్రీకు మాట వాడారు. ‘ధమ్మ’ అని టైపు చేసి వెదికినవానికి కాందహార్ కనిపించదు. మూడింటినీ ఒక చోట పెట్టి, గ్రీకులు భక్తి గౌరవాలను సూచించే మాటను దీనికి ఎందుకు ఎంచుకున్నారని అడిగినప్పుడే, అశోకుడు ధమ్మం అని దేనిని పిలిచాడన్న ఆలోచన మొదలవుతుంది. ఆ ప్రశ్న మనిషి మనసులో పుట్టవలసినదే.

ఇక బుద్ధ వచనం సంగతికి వద్దాం. మన ఫోన్లలోకి రోజూ బుద్ధుని బొమ్మతో సూక్తులు వస్తుంటాయి. వాటిలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది, ఎవరు చెప్పినా, ఎక్కడ చదివినా, నీ సొంత తర్కానికి నచ్చితే తప్ప నమ్మవద్దని బుద్ధుడు అన్నాడనేది. అంగుత్తర నికాయంలో కేసపుత్త పట్టణ వాసులైన కాలాములకు చేసిన బోధ దీనికి మూలమని చెబుతారు. ఆ సుత్తాన్ని తెరచి చదివితే మరొక సంగతి కనిపిస్తుంది. కేవలం విన్నదనీ, పరంపరగా వచ్చిందనీ, గ్రంథంలో ఉన్నదనీ ఒప్పుకోవద్దని తథాగతుడు చెప్పిన మాట నిజమే. అదే జాబితాలో కేవలం తర్కానికి నిలిచిందని కూడా ఒప్పుకోవద్దని, మా గురువు చెప్పాడని కూడా ఒప్పుకోవద్దని ఉన్నది. ఆ తరువాత ఆయన ఇచ్చిన కొలబద్ద నైతికమైనది. ఇది లోభం, ద్వేషం, మోహం నుండి పుట్టిందా? దీనిని ఆచరిస్తే తనకు, ఇతరులకు హాని కలుగుతుందా, మేలు కలుగుతుందా? విజ్ఞులు దీనిని నిందిస్తారా, మెచ్చుకుంటారా? దీనిని స్వయంగా తెలుసుకొని విడువమనీ, స్వీకరించమనీ బోధ.

ప్రచారంలో ఉన్న సూక్తిలో ఈ హాని, మేలుల విచారణ లేదు, విజ్ఞుల మాట లేదు. మిగిలింది ‘నాకు నచ్చింది’ అన్న ఒక్క కొలత. నచ్చినదే నిజం అనుకోవడం నేటి వాణిజ్య ప్రపంచానికి అనుకూలమైన సిద్ధాంతం, బుద్ధుడు చెప్పినది కాదు. ఆ సూక్తి హేతువాదానికి పనికివస్తుంది కదా, ఉండనివ్వండి అనేవారు ఉన్నారు. మనకు అనుకూలమైన అసత్యాన్ని ఉండనిచ్చినవాడు, ఎదుటివారి అసత్యాన్ని ప్రశ్నించే హక్కు పోగొట్టుకుంటాడని మా మనవి.

ఇటువంటి పరిస్థితి వస్తుందని తథాగతునికి తెలుసు. మహాపరినిబ్బాన సుత్తంలో, ఆయన చివరి ప్రయాణంలో భోగనగరంలోని ఆనంద చైత్యం వద్ద నాలుగు మహాపదేశాలను బోధించాడు. ఎవరైనా వచ్చి ఈ మాట భగవానుని నోటనే విన్నానని అనవచ్చు, లేదా ఒక సంఘం నుండి, పలువురు స్థవిరుల నుండి, ఒక స్థవిరుని నుండి విన్నానని అనవచ్చు. అప్పుడు ఏమి చేయాలి? వెంటనే హర్షించకూడదు. వెంటనే తిరస్కరించకూడదు కూడా. ఆ పదాలను, ఆ అక్షరాలను చక్కగా గ్రహించి, సుత్తంతో, వినయంతో పోల్చి చూడాలి. కుదరకపోతే అది తప్పుగా గ్రహించిన మాట అని విడిచిపెట్టాలి. కుదిరితే స్వీకరించాలి. చరిత్ర శాఖలలో మేము విద్యార్థులకు మూలాధార పరిశీలన అనే పేరుతో నేర్పేది దీనినే. మూలం ఏది, చెప్పినవారు ఎవరు, మాటలు యథాతథంగా ఉన్నాయా, తక్కిన ఆధారాలతో పొసగుతున్నాయా అన్న ప్రశ్నలు పాశ్చాత్య విశ్వవిద్యాలయాల సొత్తు అనుకోవలసిన పని లేదు. హర్షానికి, తిరస్కారానికి మధ్య ఆ కాస్త ఆగడం, పోల్చి చూడడం మనకు బుద్ధ శాసనంలోనే ఉన్నాయి. ఫార్వర్డ్ మీట నొక్కే ముందు కావలసింది ఆ కాస్త ఆగడమే.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ విషయంలో ఎంత జాగ్రత్త వహించారో ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ చదివిన వారికి తెలుసు. బుద్ధుని మాటలు తప్పుగా నమోదయ్యే ప్రమాదాన్ని ఆయన ప్రత్యేకంగా చర్చించి, అలగద్దూపమం మొదలైన ఐదు సుత్తాలను ఉదాహరణగా చూపారు. అలగద్దూపమ సుత్తంలోని పోలిక మీకు గుర్తుండే ఉంటుంది. పామును తోక వద్ద పట్టుకున్నవాడు కాటుకు గురవుతాడు. ధమ్మాన్ని తప్పుగా పట్టుకున్నవాని గతి కూడా అంతే. మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడైన సందర్భంలో కృష్ణాజీ కేలూస్కర్ గారు తాము రాసిన బుద్ధ చరిత్రను ఆ బాలునికి బహూకరించారు. 1956 అక్టోబరు 14న నాగపూరులో దీక్ష స్వీకరించేనాటికి దాదాపు అర్ధ శతాబ్దం గడిచింది. ఆ గ్రంథం ఆయన పరినిర్వాణం తరువాత 1957లో వెలువడింది. పాళీ భాష కోసం ఆయన చేసిన నిఘంటు, వ్యాకరణ కృషి ఆయన రచనల 16వ సంపుటంగా అచ్చయింది. రాజ్యాంగ రచన, మంత్రి పదవి, ఉద్యమం, అనారోగ్యం, ఇన్నింటి నడుమ ఒక మనిషి పాళీ పదాల పట్టిక రాసుకున్నాడు. తీరిక లేదని మనం చెప్పే ముందు ఆ పట్టికను ఒకసారి తలచుకోవాలి.

ధర్మానంద కోశాంబి జీవితం కూడా ఇటువంటిదే. గోవాలో పుట్టి, పాళీ నేర్చుకోవడం కోసం సింహళం వరకు వెళ్ళిన ఆయన, అమెరికాలోని హార్వర్డ్‌లో విసుద్ధిమగ్గ పరిష్కరణను చేపట్టారు. ఆ పనిని ఆరంభించిన హెన్రీ క్లార్క్ వారెన్ 1899లో మరణించారు. కోశాంబి 1947లో కన్నుమూశారు. హార్వర్డ్ గ్రంథమాలలో ఆ పుస్తకం 1950లో వెలువడింది. ప్రతి తరువాత ప్రతిని పోలుస్తూ సరిదిద్దిన ఆ ఇద్దరిలో ఎవరూ ఆ ముద్రిత గ్రంథాన్ని చూడలేదు. నేడు ఆ గ్రంథం నుండి ఒక వాక్యం క్షణంలో మన తెర మీదికి వస్తున్నదంటే, ఆ క్షణం వెనుక ఇద్దరి జీవితాలు ఉన్నాయి.

ఇదంతా విని మేము యంత్రాలకు వ్యతిరేకులమని అనుకోకండి. పాళీ త్రిపిటకం చదవాలంటే ఒకప్పుడు లండన్‌లో అచ్చయిన రోమన్ లిపి ప్రతుల కోసం పెద్ద నగరాల గ్రంథాలయాలకు వెళ్ళవలసి వచ్చేది. నేడు ఇగత్‌పురి విపశ్యన పరిశోధన సంస్థ వారి కృషి వలన ఛట్ఠ సంగాయన పాఠం తెలుగు లిపిలో సైతం ఉచితంగా లభిస్తున్నది. పల్లెలోని కూలి బిడ్డ తన ఫోనులో దీఘ నికాయం తెరవగలగడం చిన్న విప్లవం కాదు. శతాబ్దాల పాటు విద్యను కొందరికే పరిమితం చేసిన దేశంలో ఈ అందుబాటును మేము రెండు చేతులా స్వాగతిస్తాము. అయితే తలుపు తెరచి ఉండడం వేరు, లోనికి నడవడం వేరు. అడిగిన వెంటనే జవాబు చెప్పే యంత్రం తాను ఏ సుత్తం నుండి చెబుతున్నదో ఒక్కోసారి చెప్పదు, ఒక్కోసారి లేని సుత్తాన్ని కల్పించి చెబుతుంది. అది కూడా ‘నేను ఇలా విన్నాను’ అంటూ వచ్చినదే. దానికీ మహాపదేశం వర్తిస్తుంది.

విద్యాలయాలలో ఉన్న మా బాధ్యత కూడా తక్కువ కాదు. పదోన్నతికి పత్రాల లెక్క, ఏడాదికి ఇన్ని అన్న గడువు మా మీద ఉన్నాయి. లెక్క కోసం రాసిన పత్రాన్ని లెక్క పూర్తయ్యాక రాసినవారు కూడా తిరిగి చదవరు. ఒక విద్యార్థి ఒక్క శాసనాన్ని అక్షరం నుండి అర్థం వరకు స్వయంగా చదివితే, అది పది అతుకుల వ్యాసాలకంటే మేలని మా తరగతి గదులలో చెబుతూనే ఉన్నాము.

నిదానం అంటే బద్ధకం అని ఎవరూ పొరబడకూడదు. నాగార్జునకొండ ఇందుకు సాక్ష్యం. 1926లో మాచర్ల ప్రాంతపు ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య గారు ఆ లోయలోని ప్రాచీన స్తంభాన్ని గుర్తించి ప్రభుత్వానికి తెలియజేశారు. ఆయన తవ్వలేదు, తరలించలేదు, చెప్పవలసిన వారికి చెప్పారు. ఆ తరువాతి తవ్వకాలలో ఇక్ష్వాకుల కాలపు మహాచైత్యం, దానిని నిర్మింపజేసిన చాంతిశ్రీ శాసనాలు, ఉపాసిక బోధిశ్రీ దాన శాసనం వెలుగు చూశాయి. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. నీరు ఎక్కేలోగా పని ముగించాలని తెలిసి కూడా, 1954 నుండి 1960 వరకు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ వారు లోయను తవ్వి, కొలిచి, గీసి, నమోదు చేశారు. గడువు తరుముతున్నా కొలత తప్పనివ్వకపోవడమే నిదానం. అమరావతికి ఆ అదృష్టం పూర్తిగా దక్కలేదు. అక్కడి పలకలు కొన్ని కట్టడాలలోకి, కొన్ని సున్నపు బట్టీలలోకి పోయాయి. 1816–17లో కాలిన్ మెకంజీ బృందం గీసిన చిత్రాలే నేడు కొన్ని పలకలకు మిగిలిన ఏకైక సాక్ష్యం. పెన్సిలుతో గీసిన ఒక గీత, రాయి పోయిన తరువాత కూడా రాయి తరఫున నిలబడింది.

కాబట్టి మన సంఘాలు చేయగల పనులు కొన్ని మనవి చేస్తాము. మీ ఊరి పొలాలలో పాత ఇటుకలు, చెక్కిన రాళ్ళు, దిబ్బలు కనిపిస్తే వాటిని కదిలించకండి, రంగులు వేయకండి. ఫోటో తీసి, స్థలం, తేదీ రాసి పురావస్తు శాఖకు తెలియజేయండి. పెద్దలు చెప్పే కథలను, స్థల నామాలను వారి మాటల్లోనే రికార్డు చేయండి. యాస దిద్దకండి, చెప్పినవారి అనుమతితో పేరు, ఊరు, తేదీ నమోదు చేయండి. బుద్ధుని మాటగా ఏదైనా పంపేటప్పుడు నికాయం, సుత్తం పేరు రాయండి. అవి తెలియకపోతే పంపకండి. ప్రతి విహారంలో వారానికి ఒక గంట పాళీకి, ఒక గంట బ్రాహ్మీ లిపికి కేటాయించండి. బ్రాహ్మీ అక్షరాలు కొద్ది నెలలలో పట్టుబడతాయి. మన పిల్లలు అమరావతి పలక ముందు నిలబడి విధికుని పేరును తామే చదివిన రోజున, వారికి మరెవరూ చరిత్ర చెప్పనవసరం లేదు.

విధికుడు ఏమి ఆశించి ఆ పలక ఇచ్చాడో మనకు చెప్పే మరో శాసనం లేదు. తన వారందరి పేరున ఇచ్చాడు. చదివేవారు వస్తారన్న నమ్మకంతో ఇచ్చాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టడం మన వంతు. అతడు చెక్కించినంత జాగ్రత్తగా మనం చదువుదాం.

 భవతు సబ్బ మంగళం.